పరుగెత్తేవాళ్లే ఓడిపోయే సినిమాలు తీసిన టెక్స్ ఏవరీ



ఈ నెల మీకు పరిచయం చేస్తున్న వ్యక్తి పేరు మీరు విని ఉండకపోవచ్చు. ఆయన చేసిన పని మాత్రం మీ ఇంట్లోకి ఎప్పుడో వచ్చేసింది. పిల్లి ఎలుకను తరుముతుంది. ఎలుక చటుక్కున పక్కకు తప్పుకుంటుంది. పిల్లి వెళ్లి గోడకు గుద్దుకుని అప్పడంలా అతుక్కుపోతుంది. అన్నం ప్లేటు ముందు పెట్టుకుని, ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి మీ పాప నవ్వేది ఇలాంటివి చూసే. 1995లో మన దేశంలో కార్టూన్ నెట్‌వర్క్ మొదలైనప్పుడు మీలో చాలామంది కూడా అలా నవ్విన పిల్లలే.

ఆ నవ్వు వెనక ఒక లెక్క ఉంది. పిల్లి ఎంతసేపు పరుగెత్తాలి, ఎప్పుడు ఆగాలి, గోడ ఏ క్షణంలో తగలాలి అన్న లెక్క. దాన్ని సెకనులో ఐదో వంతు దాకా తేల్చిన మనిషి టెక్స్ ఏవరీ. ఆయన జీవితం చదివితే మన పిల్లల గురించి, మన గురించి కూడా కొంచెం ఆలోచించాల్సి వస్తుంది. అందుకే ఈ వ్యాసం.

బొమ్మల మీద ఇష్టం

ఫ్రెడరిక్ బీన్ ఏవరీ 1908 ఫిబ్రవరి 26న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, టేలర్ అనే ఊళ్లో పుట్టారు. హైస్కూల్ చదువు డల్లాస్‌లో. అవును, ఈ రోజు మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉంటున్న డల్లాసే. ఆయన చదివిన నార్త్ డల్లాస్ హైస్కూల్లో పిల్లలు ఒకరినొకరు డాక్టర్ అని పిలుచుకుంటూ పలకరించుకునేవారట. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

వార్తాపత్రికల్లో కామిక్ బొమ్మలు గీయాలన్నది ఆయన కోరిక. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక వేసవి కోర్సు కూడా చేశారు. పత్రికల్లో మాత్రం అవకాశం రాలేదు. దాదాపు ఇరవై ఏళ్ల వయసులో కాలిఫోర్నియా చేరి, రేవులో సరుకు ఎత్తే పని లాంటి చిన్నాచితకా పనులు చేశారు. టెక్సస్ నుంచి వచ్చిన కుర్రాడు కాబట్టి అక్కడివాళ్లు టెక్స్ అని పిలిచారు. ఆ పేరే నిలిచిపోయింది.

1930 ప్రాంతంలో వాల్టర్ లాంజ్ నడుపుతున్న కార్టూన్ స్టూడియోలో చేరారు. మొదట్లో వేరేవాళ్లు గీసిన బొమ్మల మీద ఇంకు దిద్దడం, రంగు వేయడం లాంటి పనులు. తర్వాత మెల్లగా బొమ్మలు కదిలించే పని, అంటే యానిమేషన్.

ఆ స్టూడియోలోనే ఒక ప్రమాదం జరిగింది. కుర్రాళ్లంతా పని మధ్యలో రబ్బరు బ్యాండ్లతో కాగితపు ఉండలు ఒకరి మీద ఒకరు విసురుకునేవారు. ఒకరోజు కాగితపు ఉండకు బదులు పేపర్ క్లిప్ లాంటి చిన్న ఇనుప ముక్క ఎగిరివచ్చి టెక్స్ ఎడమ కంటికి తగిలింది. ఆ కంటి చూపు పూర్తిగా పోయింది. బొమ్మలే బతుకుతెరువుగా పెట్టుకున్న మనిషికి చిన్న వయసులోనే వచ్చిన కష్టం అది. మా తరగతి గదుల్లో రబ్బరు బ్యాండ్లు కనిపిస్తే మేం వెంటనే తీసేసుకుంటాం. అలాంటప్పుడు మీ అబ్బాయి ఇంటికొచ్చి మా మీద ఫిర్యాదు చేస్తే, ఆయనకు జరిగింది చెప్పండి.

తన బలం ఏమిటో తెలుసుకోవడం

చూపు పోయినా ఆయన పని మానలేదు. కానీ చుట్టూ చూసుకుంటే ఒక విషయం స్పష్టంగా తెలిసింది. తన పక్క బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు తనకంటే చాలా బాగా గీస్తున్నారు. ఇంకా ఎంత సాధన చేసినా వాళ్లను అందుకోవడం కష్టమని ఆయనకే అనిపించింది. ఈ మాట ఆయన పెద్దయ్యాక దాచకుండా చెప్పుకున్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన ఇళ్లలో ఈ పరిస్థితి వస్తే ఏం చేస్తాం? ఇంకో ట్యూషన్ పెడతాం, ఇంకో గంట ముందు లేపుతాం. టెక్స్ చేసింది వేరు. తనకు ఏది బాగా వస్తుందో చూసుకున్నారు. నవ్వించే ఐడియాలు ఆయనకు గుట్టలు గుట్టలుగా వచ్చేవి. ఏ జోక్ ఎప్పుడు పేలుతుందో తెలిసేది. గీసే పోటీలోంచి తప్పుకుని, గీసేవాళ్లకు దారి చూపించే పనికి, అంటే డైరెక్షన్‌కు వెళ్లాలని నిర్ణయించుకున్నారు.

1935లో లియోన్ ష్లెసింగర్ అనే నిర్మాత దగ్గరకు వెళ్లి డైరెక్టర్‌గా అవకాశం అడిగారు. ష్లెసింగర్ కార్టూన్లు వార్నర్ బ్రదర్స్ పేరుతో విడుదలయ్యేవి. టెక్స్ వయసు అప్పటికి 27. ష్లెసింగర్ ఒప్పుకుని, స్టూడియో ఆవరణలో విడిగా ఉన్న ఒక పాత చెక్క ఇల్లు ఇచ్చారు. దాని నిండా చెదలు. అందులో పనిచేసిన కుర్రాళ్లు దానికి టెర్మైట్ టెర్రస్ అని పేరు పెట్టుకున్నారు. మన భాషలో చెదల మేడ అనుకోండి. ఆ చెదల మేడలో టెక్స్ కింద పనిచేసినవాళ్లలో బాబ్ క్లాంపెట్, చక్ జోన్స్ ఉన్నారు. ఇద్దరూ తర్వాత పెద్ద డైరెక్టర్లయ్యారు. ఎడారి రోడ్డు మీద దూసుకెళ్లే రోడ్ రన్నర్ పక్షినీ, దాని వెంటపడి ప్రతిసారీ లోయలో పడే కొయోటీనీ 1949లో తెరమీదకు తెచ్చింది ఆ చక్ జోన్సే.

తొందరపడని కుందేలు

ఆ రోజుల్లో కార్టూన్ అంటే వాల్ట్ డిస్నీ. అందమైన బొమ్మలు, ముద్దొచ్చే జంతువులు, నిజమనిపించే కదలికలు. మిగతా స్టూడియోలన్నీ డిస్నీలా తీయాలని తాపత్రయపడేవి. టెక్స్ ఆ పోటీలో కూడా దిగలేదు. డిస్నీ బొమ్మలు చేయని పనులు తన బొమ్మలతో చేయించారు.

1937లో పోర్కీస్ డక్ హంట్ అనే చిన్న సినిమా తీశారు. వేటగాడు బాతును కొట్టబోతాడు. మామూలుగా అయితే బాతు భయపడి పారిపోవాలి. ఈ బాతు మాత్రం నీళ్ల మీద గెంతుతూ, కేకలు పెడుతూ, వేటగాడికే పిచ్చెక్కించింది. డాఫీ డక్ పుట్టింది ఆ సినిమాలోనే.

1940 జూలై 27న వచ్చిన ఎ వైల్డ్ హేర్ ఇంకో అడుగు ముందుకు వేసింది. తుపాకీ పట్టుకుని ఒక వేటగాడు కుందేలు కోసం అడుగులో అడుగు వేసుకుంటూ వస్తాడు. కుందేలు బొరియలోంచి బయటికొచ్చి, పారిపోకుండా, క్యారెట్ కొరుక్కుంటూ అతని పక్కన నిలబడి ఏంటి సంగతులు డాక్టర్ అన్న ధోరణిలో పలకరిస్తుంది. డల్లాస్ హైస్కూల్ పిల్లల పలకరింపు అక్కడికి అలా వచ్చింది. థియేటర్లలో జనం విరగబడి నవ్వారు. బగ్స్ బన్నీ అసలు రూపం, అసలు స్వభావం ఖాయమైంది ఈ సినిమాతోనే అని అందరూ ఒప్పుకుంటారు.

ఆ కుందేలు ఎందుకు నచ్చిందో గమనించండి. తరిమేవాడు ఆయాసపడుతున్నాడు, తరమబడే కుందేలు నిదానంగా ఉంది. గెలిచేది నిదానంగా ఉన్నదే. మన తాబేలు-కుందేలు కథలో కుందేలు ఎక్కడ ఓడిపోయిందో, ఈ కుందేలు సరిగ్గా అక్కడ గెలిచింది.

ఆ ఏడాది ఆస్కార్ నామినేషన్లలో ఎ వైల్డ్ హేర్ ఉంది. దానితో పాటు ఎంజీఎం స్టూడియో నుంచి పుస్ గెట్స్ ద బూట్ అనే సినిమా కూడా ఉంది. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా తీసిన ఆ సినిమాలోని పిల్లీ ఎలుకలే తర్వాత టామ్ అండ్ జెర్రీ అయ్యాయి. రెండూ ఓడిపోయాయి. బహుమతి మూడు పిల్లికూనల కథ ఉన్న ద మిల్కీ వే అనే సినిమాకు వెళ్లింది. బగ్స్ బన్నీ, టామ్, జెర్రీ, ముగ్గురూ ఒకే ఏడాది ఓడిపోయారన్న సంగతి మీ పిల్లలకు చెప్పదగ్గదే.

నెమ్మది కుక్క, పరుగు తోడేలు

1941లో ఒక బగ్స్ బన్నీ సినిమా చివరి భాగాన్ని కత్తిరించడం మీద ష్లెసింగర్‌తో గొడవపడి టెక్స్ బయటికొచ్చేశారు. తర్వాత చేరింది ఎంజీఎంలో, అంటే సినిమా మొదట్లో సింహం గర్జించే కంపెనీలో. హన్నా, బార్బెరా అదే స్టూడియోలో ఉన్నారు. టెక్స్ వచ్చాక టామ్ అండ్ జెర్రీ సినిమాల వేగం కూడా పెరిగిందని కార్టూన్ల చరిత్ర రాసినవాళ్లు చాలామంది అంటారు.

వేగం అంటే ఏమిటో కొంచెం చెప్పుకుందాం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. ఒక సంగతి కంటికి అందాలంటే కనీసం ఎన్ని ఫ్రేములు కావాలి? టెక్స్ పరీక్షించి చూసుకుని, ఐదు చాలు అనే లెక్కకు వచ్చారు. అంటే సెకనులో దాదాపు ఐదో వంతు. పైనుంచి ఇనుప దిమ్మె పడుతుంటే, అది నెత్తిన తగలడానికి ముందు ఐదు ఫ్రేముల్లో కనిపిస్తే సరిపోతుంది. అంతకంటే ఎక్కువసేపు చూపిస్తే నవ్వు చల్లారిపోతుంది. తక్కువ చూపిస్తే ఏం జరిగిందో తెలియదు. రెప్పపాటులో జరిగే ఈ తేడా కోసం ఆయన గంటలు గంటలు కూర్చునేవారు.

1943లో డంబ్-హౌండెడ్ అనే సినిమాలో డ్రూపీ అనే కుక్కను తెచ్చారు. బుగ్గలు జారిపోయి, కళ్లు సగం మూతపడి, ఇప్పుడే నిద్రలేచినట్టుండే కుక్క. జైలు నుంచి పారిపోయిన తోడేలును అది పట్టుకోవాలి. తోడేలు రైళ్లు, ఓడలు, విమానాలు ఎక్కి లోకమంతా పారిపోతుంది. ఎక్కడ తలుపు తీసినా డ్రూపీ అప్పటికే అక్కడ నిలబడి ఉంటుంది. పరుగెత్తినట్టే కనిపించదు. ఒకచోట తోడేలు మలుపు దగ్గర ఆగలేక జారి ఏకంగా సినిమా రీలు అంచు దాటి బయటికి వెళ్లిపోయి, మళ్లీ లోపలికి వస్తుంది.

బగ్స్ బన్నీ సినిమాలో తరమబడేది నిదానంగా ఉంది. ఇందులో తరిమేది నిదానంగా ఉంది. రెండిట్లోనూ ఓడింది గాభరాపడినవాడే.

భూగోళం సరిపోని పిల్లీ ఎలుకా

ఇక నేను మీకు ప్రత్యేకంగా చెప్పాలనుకున్న సినిమా. 1947 డిసెంబర్‌లో వచ్చిన కింగ్-సైజ్ కెనరీ. నిడివి దాదాపు 8 నిమిషాలు.

ఆకలితో ఉన్న ఒక బక్కపిల్లి రాత్రిపూట ఒక ఇంట్లో దూరుతుంది. తినడానికి ఒక చిట్టెలుక దొరుకుతుంది. పక్కగదిలో పిట్ట ఉందని చెప్పి ఎలుక తప్పించుకుంటుంది. తీరా చూస్తే అది పిడికెడు కూడా లేని కెనరీ పిట్ట. పిల్లికి మొక్కలు ఏపుగా పెరగడానికి పోసే మందు సీసా కనిపిస్తుంది. పిట్టకు పోస్తే పిట్ట పెరిగి పిల్లినే మించిపోతుంది. భయపడి పిల్లి తాగుతుంది. పిట్ట మళ్లీ తాగుతుంది. సీసా బయటపడి బుల్‌డాగ్‌కు దొరికితే అది పెరిగి పిల్లి వెంటపడుతుంది. ఎలుక తాగి, బుల్‌డాగ్‌ను హడలగొట్టి పిల్లిని కాపాడుతుంది. తీరా కాపాడాక, ఇంత పెద్ద ఎలుక కళ్లముందుంటే తినకుండా ఎందుకు వదలాలి అని పిల్లికి ఆశ పుడుతుంది. మళ్లీ సీసా, మళ్లీ పెరగడం, మళ్లీ తరుముడు. ఇళ్లు, వీధులు, కొండలు అన్నీ వాటి కాళ్లకింద చిన్నవైపోతాయి.

చివరికి మందు అయిపోతుంది. భూగోళం మీద పిల్లీ ఎలుకా పట్టీపట్టనట్టు నిలబడి, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని, మనకు వీడ్కోలు చెబుతాయి. ఎవరూ గెలవలేదు, ఎవరి కడుపూ నిండలేదు. ఇంకొకరికంటే పెద్దగా అవ్వాలన్న పట్టుదలలో మొదటి ఆకలి సంగతే ఎవరికీ గుర్తులేదు.

ఇది పిల్లలకు నవ్వు సినిమా. పెద్దలం చూస్తే మాత్రం నవ్వుతూనే కొంచెం ఇబ్బందిపడతాం. పక్కింటి అబ్బాయికి 95 వస్తే మనవాడికి 96 రావాలి. వాళ్లు ఆరో తరగతిలో ఫౌండేషన్ కోర్సు మొదలుపెడితే మనం ఐదులోనే మొదలుపెట్టాలి. సీసా చేతులు మారుతూనే ఉంటుంది. టీచర్లం మేమూ ఈ పరుగు బయట లేం. అసలు మన పిల్లవాడి ఆకలి ఏమిటి, వాడు ఏం తెలుసుకోవాలని ఈ బడికి వచ్చాడు అన్నది మధ్యమధ్యలో అందరం కలిసి గుర్తుచేసుకోవాలి.

ఆగలేకపోయిన మనిషి

పరుగెత్తేవాళ్లు ఓడిపోతారని ఇన్నిసార్లు తెరమీద చూపించిన టెక్స్ ఏవరీ, తన జీవితంలో మాత్రం ఆగలేకపోయారు. జోకులు ఆయనే ఆలోచించాలి, బొమ్మల కొలతలు ఆయనే చూడాలి, ఫ్రేముల లెక్క ఆయనే సరిచూడాలి. కొన్ని పాత్రలకు గొంతు కూడా ఆయనదే. 8 నిమిషాల సినిమా అంటే 11,500 ఫ్రేముల పైమాటే. వాటిలో ఒక్కటి తేడా ఉన్నా ఆయన మనసు ఒప్పేది కాదు. ఒక సినిమా పూర్తవగానే ఇంకోటి మొదలయ్యేది.

1950లో శరీరం, మనసు రెండూ మొరాయించాయి. పని భారంతో అలసిపోయి సెలవు పెట్టారు. ఏడాదికి పైగా స్టూడియోకు రాలేదు. 1951 చివర్లో తిరిగొచ్చి మళ్లీ మంచి సినిమాలే తీశారు. కానీ 1953లో ఎంజీఎం ఆయన విభాగాన్ని మూసేసింది. కొంతకాలం మళ్లీ వాల్టర్ లాంజ్ దగ్గర పనిచేసి నాలుగు సినిమాలు తీశారు. వాటితో థియేటర్ కార్టూన్లు ఆయనకు ముగిసిపోయాయి. అప్పటికి ఆయన వయసు యాభై కూడా లేదు.

ఆ తర్వాత టీవీ ప్రకటనలు. రెయిడ్ పురుగుల మందు ప్రకటనల్లో మందు చూసి కేకలు పెట్టి పారిపోయే పురుగులు ఆయన పనే. కూల్-ఎయిడ్ అనే పానీయం ప్రకటనల్లో మళ్లీ బగ్స్ బన్నీని నడిపించారు. ఆ కుందేలు మీద హక్కు మాత్రం ఆయనది కాదు. ఆ కాలంలో డైరెక్టర్లు జీతగాళ్లు, పాత్రలు కంపెనీ ఆస్తి. 1972లో ఆయన కొడుకు చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి కోలుకోవడం ఏ తండ్రికీ సులువు కాదు.

ఆస్కార్ విషయానికొస్తే, ఆయన సినిమాలు చాలాసార్లు నామినేషన్ దాకా వెళ్లాయి. ఒక్కసారీ గెలవలేదు. అదే స్టూడియోలో తీసిన టామ్ అండ్ జెర్రీకి ఏడు ఆస్కార్లు వచ్చాయి. 1974లో యానిమేషన్ రంగంవాళ్లు విన్సర్ మెక్‌కే పేరిట ఇచ్చే జీవితకాల పురస్కారంతో ఆయనను గౌరవించారు. చివరి రోజుల్లో పాత సహోద్యోగులు హన్నా, బార్బెరాల కంపెనీలో చేరి, టీవీ కార్టూన్లకు నవ్వు సంగతులు సమకూర్చారు. 1980 ఆగస్టు 26న, 72 ఏళ్ల వయసులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికీ ఆయన చేతిలో పని ఉంది.

ఆయన జీవితాన్ని మార్కుల జాబితాలా చూస్తే ర్యాంకు లేదు, ఆస్తి లేదు, ఒక కన్ను లేదు. మన పిల్లల నవ్వులో చూస్తే లెక్క మారిపోతుంది. తనది కాని పోటీలోంచి ధైర్యంగా తప్పుకున్న రోజే ఆయనకు అసలు దారి దొరికింది. ఆ దారిలో ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం ఆయన పక్కన లేకపోయారు. మన పిల్లల పక్కన మనం ఉన్నాం.

ఇంట్లో చేసి చూడండి

ఒక ఆదివారం పిల్లలతో కూర్చుని డ్రూపీ సినిమా ఒకటి, కింగ్-సైజ్ కెనరీ ఒకటి చూడండి. ఒక జాగ్రత్త. ఆ కాలం కార్టూన్లు పెద్దవాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని తీసినవి. కొన్నిటిలో తుపాకులు, సిగరెట్లు, నల్లజాతివారిని ఎగతాళి చేసే బొమ్మలు ఉంటాయి. ముందు మీరు చూసి, తర్వాతే పిల్లలకు చూపించండి.

సినిమా అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి. సీసా నీ చేతికి వచ్చి ఉంటే ఏం చేసేవాడివి, ఏం చేసేదానివి? జవాబు సరిదిద్దకండి, వినండి చాలు.

ఆ తర్వాత పాత నోట్‌బుక్‌లో మిగిలిన తెల్లకాగితాలు 40 తీసుకోండి. ప్రతి కాగితం మూల, ఒకే చోట, పైనుంచి కిందికి పడుతున్న బంతిని కొంచెం కొంచెం కిందికి జరుపుతూ గీయమనండి. కాగితాలన్నీ కలిపి క్లిప్ పెట్టి, బొటనవేలితో గబగబా వదిలితే బంతి పడుతుంది. ఇప్పుడు మధ్యలోంచి ఐదు కాగితాలు తీసేసి మళ్లీ చూడండి. బంతి వేగంగా పడుతుంది. ఇంకో ఐదు తీయండి. ఎక్కడిదాకా తీస్తే బంతి పడుతున్నట్టు కనిపిస్తుంది, ఎక్కడ మాయమైపోతుంది అన్నది పిల్లలే కనిపెట్టాలి. టెక్స్ ఏవరీ జీవితమంతా చేసిన లెక్క ఇదే.

వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు ప్రోగ్రెస్ రిపోర్ట్‌తో పాటు ఆ బంతి పుస్తకం కూడా పట్టుకురండి. ముందు దాన్నే చూద్దాం.